పదకొండు మూడు, పన్నెండు సార్లు

సైంటిఫిక్ కాల్క్యులేటరు మీద కొలువుదీరిన మీటలన్నిటిలోనూ భిన్నం మీటంత అనాదరణకు గురైనది మరొకటి లేదు. కూడిక మీట రంగు వెలిసేదాకా సేవ చేసి తరిస్తుంది. సైను, కొసైను మీటలకు పరీక్షల రోజుల్లోనైనా గౌరవం దక్కుతుంది. భిన్నం మీట మాత్రం కొన్ననాటి నిగనిగ చెక్కుచెదరకుండా ఒక మూల కూర్చుని, ఎవరో ఒకరు వచ్చి వేలితో తాకకపోతారా అని శాపగ్రస్తురాలిలా ఎదురుచూస్తూ ఉంటుంది. ఒక పటాల కొట్టులో ఆ మీటకు శాపవిమోచనం కలిగిన వైనం ఇది. మహత్తర చరిత్రలన్నిటిలాగే ఇదీ టీ కాచే వేళకు మొదలైంది.

ఆ కొట్టు వీధివైపు ముఖం పెట్టుకుని ఉంటుంది. దాని వెనక ఇల్లు. రెంటికీ నడుమ ఒక తలుపు. కొట్టు యజమాని తలుపుకు ఇటువైపు, ఇంట్లో, నాన్న; అటువైపు, కొట్లో, మేస్త్రి. ఇటువైపు ఉన్నంతసేపూ చొక్కా గుండీ ఊడినా పట్టించుకోని మనిషి, అటువైపు అడుగుపెట్టాడంటే ఫ్రేము మూలలో వెంట్రుకవాసి సందు కనబడినా అగ్గిమీద గుగ్గిలమవుతాడు. కొట్టు మీది బోర్డులో ఎవరి పేరూ లేదు. ‘ఇచ్చట అన్ని రకముల ఫ్రేములు కట్టబడును’ అని మాత్రం ఉంటుంది.

ఆయన కూతుర్ని ఇంటిల్లిపాదీ ‘పెంకి’ అని పిలుస్తారు. నడక నేర్చిన కొత్తలో తండ్రి చేతిలోని కొలతల టేపు పట్టుకుని వదలనన్నందుకు వచ్చిన బిరుదు అది. గణితంలో డిగ్రీ పుచ్చుకున్నా ఆ బిరుదే నిలిచింది, డిగ్రీ నిలవలేదు. పట్టా తెచ్చుకున్న మర్నాడే ఆమె దానికొక ఫ్రేము కట్టి గోడకు తగిలించి, తిన్నగా వెళ్ళి పని బల్ల దగ్గర నిలబడింది. అప్పటినుంచి ఆ బల్ల దగ్గర ఆమె చేస్తున్న పనికి అధికారికంగా ‘సాయం’ అని పేరు. సగం ఫ్రేములు ఆమె కోస్తుంది. బల్ల మాత్రం మేస్త్రిది.

ఆ ఉదయం ఆమె అందరికంటే ముందు లేచి, కొట్టులోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. తండ్రి నిన్న కోసి జిగురు పెట్టిన ఫ్రేములను ఒక్కొక్కటే టేపుతో కొలిచింది. రెండు తక్కువొచ్చాయి. మళ్ళీ కొలిచింది. కొలిచిన కొద్దీ పెరగడం చెక్క స్వభావం కాదు గనక అవి మళ్ళీ తక్కువే వచ్చాయి. గోడవారగా మిగిలిన ఫ్రేము చెక్క కమ్మీ తీసి, రంపం చప్పుడు ఇంట్లోకి వినబడకుండా నిదానంగా లాగుతూ, ఆ రెంటినీ కొత్తగా కోసి కట్టింది. పాతవాటిని విరిచి పొట్టు బస్తా అడుగున దాచింది. ఇలా చేయడం ఆమెకు అది మొదటిసారి కాదు.

ఆ ఫ్రేములు సామాన్యమైనవి కావు. పౌరసంఘం భవనంలో రెండు స్తంభాల మధ్య గోడమీద, సంఘానికి అధ్యక్షత వహించి దిగిపోయిన పన్నెండుగురు మహనీయుల పటాలు వరసగా వేలాడవలసి ఉంది. పదవిలో ఉండగా ఒకరి మొహం ఒకరు చూసుకోని వారందరూ ఇకమీదట భుజం భుజం రాసుకుని చిరకాలం నవ్వుతూ ఉండాలని సంఘం తీర్మానించింది.

“గోడ మొత్తం నిండిపోవాలి మేస్త్రీ. మధ్యలో సందు కనబడకూడదు. కనబడిందా, ఎవరి పక్కన ఎక్కువుంది, ఎవరి పక్కన తక్కువుంది అని మళ్ళీ మీటింగు పెడతారు” అని చెప్పాడు పని ఒప్పజెప్పడానికి వచ్చిన సంఘ కార్యదర్శి.

“మరి ఇప్పుడున్న అధ్యక్షులవారో?” అని గల్లాపెట్టె దగ్గర్నుంచి అమ్మ అడిగింది.

“ఆయన ఇప్పట్లో దిగరు లెండమ్మా. దించినా దిగరు.”

మేస్త్రి స్వయంగా వెళ్ళి గోడ కొలిచాడు. స్తంభానికీ స్తంభానికీ మధ్య నూట ముప్ఫై ఆరున్నర అంగుళాలు. కార్యదర్శి చెప్పులు తొడుక్కునే లోపల దాన్ని పన్నెండు భాగాలు చేసి, ఇంటికొచ్చి కూతురితో ఒకే ముక్క అన్నాడు: “పదకొండు మూడు.”

ఆ ముక్కకు చిన్న వ్యాఖ్యానం అవసరం. అంగుళంలో ఎనిమిదో వంతును వడ్రంగులు నూలు అంటారు. పదకొండు అంగుళాల మూడు నూళ్ళు అని నోరారా అనేంత తీరిక ఆ కొట్టులో ఎవరికీ లేదు. తాతలనాడే అంగుళాలూ నూళ్ళూ రాలిపోయి, అంకెలు రెండే మిగిలాయి. ఆ కొట్టు నాలుక మీద ఏ కొలతైనా ఇంతే: ఏడు ఐదు, పద్దెనిమిది ఒకటి, పదకొండు మూడు.

కాల్క్యులేటర్ల విషయంలో మేస్త్రికి స్థిరమైన అభిప్రాయం ఉంది. “అంకె నోట్లో ఆడాలి. పెట్టెను అడిగి కోసేవాడు మేస్త్రి కాడు, పెట్టెకు జీతగాడు” అనేవాడు. అందుచేత పెంకి తన కాలేజీనాటి కాల్క్యులేటరును మేకుల డబ్బాలో, మేకుల అడుగున దాచుకుంది. తండ్రి బయటికి వెళ్ళినప్పుడు తీసి, అంగుళం మేకుల గుచ్చుళ్ళ మధ్య లెక్కలు చూసుకునేది.

టీ వేళకు అన్నయ్య ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. నిన్న సాయంత్రమే వచ్చాడు. పెద్ద ఆఫీసులో పెద్ద పని చేస్తాడు. ఏం పనో అమ్మకు రెండుసార్లు చెప్పాడు, అమ్మ రెండుసార్లూ గర్వపడింది గాని గుర్తుపెట్టుకోలేదు. చిన్నతనంలోనే వాణ్ణి హాస్టల్లో వేశారు. రంపపు పొట్టు వాడి పుస్తకాల మీద పడకూడదని నాన్న పట్టుదల. ఆ పట్టుదల నెరవేరింది, పొట్టు పడలేదు. తండ్రిని ‘మీరు’ అనడం వాడు హాస్టల్లోనే నేర్చుకున్నాడు. ఆ ఇంట్లో ఆ మాట వాడొక్కడే వాడతాడు. వాడు అన్నప్పుడల్లా నాన్న కొంచెం సర్దుకుని కూర్చుంటాడు.

“నాన్నా, మీతో ఒక విషయం మాట్లాడాలి” అన్నాడు అన్నయ్య. “ఈ ఆర్డరు అయ్యాక కొట్టు మూసేద్దాం. ముందు భాగం సెల్‌ఫోన్ల కొట్టువాళ్ళు అద్దెకు అడుగుతున్నారు. ఆ కొట్టాయన ఇవాళ సాయంత్రం చూడ్డానికి వస్తాడు.”

నాన్న టీ గ్లాసు అందుకున్నాడు.

“బల్లో?” అంది పెంకి.

“ఏ బల్ల?”

“కొట్లో ఎన్ని బల్లలున్నాయన్నయ్యా? పని బల్ల.”

“దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తే సరి. మోసుకుపోతారు.”

“ఇచ్చేస్తే సరా? నన్నూ దాంతోపాటే ఇచ్చేసెయ్. మోసుకుపోయేవాళ్ళకి కాస్త బరువెక్కువ, అంతే.”

“నోటికొచ్చినట్టు మాట్లాడకే” అంది అమ్మ. “వాడు వచ్చిందే రెండు రోజులకి. తాగనియ్యి.”

“తాగద్దన్నానా? తాగాకే తగువు పెట్టుకుందాం.”

నాన్న గ్లాసు కింద పెట్టాడు. “గాజు తేవాలి కదే, వెళ్ళిరా” అన్నాడు కూతురితో, తగువును తాత్కాలికంగా వాయిదా వేసే న్యాయమూర్తిలా. ఆయన ‘వద్దు’ అని అనలేదు. ‘సరే’ అనీ అనలేదు. పెంకికి ఆ రెండోదే ఊరట. ఆ ఊరటతోనే గాజు డిపోకు బయలుదేరింది.

ఆమె తిరిగి వచ్చేసరికి లోకం తలకిందులై ఉంది. లోకమంటే కొట్టు. మేస్త్రి ఎప్పుడూ నడుముకు కట్టుకునే కాన్వాసు గుడ్డ నాలుగు మడతలు పెట్టి రంపం మీద కప్పి ఉంది. ఆ గుడ్డను ఆయన మడతపెట్టగా ఆమె పుట్టాక చూడలేదు. ఆయన తలుపుకు ఇటువైపు, కడిగిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ గోడకు ఆనుకుని కొంగు వేలికి చుట్టుకుంటోంది. మేకుల డబ్బా మూత తెరిచి ఉంది. కాల్క్యులేటరు బల్ల నట్టనడుమ, నేరస్థలంలో దొరికిన ఆయుధంలా, పడి ఉంది.

“ఏమైంది?” అంది పెంకి గాజు దించి.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

“నాన్నని అడిగాను, ఫ్రేము ఎంత, గోడ ఎంత అని. ఊరికే, సరిచూద్దామని. ఫ్రేము పదకొండు మూడు అన్నారు. గోడ నూట ముప్ఫై ఆరున్నర అన్నారు. మేకుల డబ్బాలో కనబడిన నీ కాల్క్యులేటరు మీదే కొట్టాను. పన్నెండు పెట్టి గుణిస్తే నూట ముప్ఫై అయిదు పాయింట్ ఆరు వచ్చింది. ఒకటికి మూడుసార్లు కొట్టాను.”

“అయితే?”

“అయితే ఏమిటే? చూడు. ఒకటి, మూడు, అయిదు, ఆరు. నాన్న చెప్పింది ఒకటి, మూడు, ఆరు, అయిదు. ఆరూ అయిదూ తారుమారు. గోడ కొలత గుర్తు పెట్టుకోవడంలో అంకెలు అటూ ఇటూ అయ్యాయి.” అన్నయ్య గొంతు తగ్గించాడు. “ఈ వయసులో ఇలాగే మొదలవుతుందట. తేడా అంగుళం దాకా ఉంది. అంత సందుతో పటాలు తగిలిస్తే నలుగురిలో నాన్న పరువేం కావాలి?”

పెంకి తండ్రి వైపు చూసింది. ఆయన కాదనలేదు. నూట ముప్ఫై ఆరున్నర అని నోటితో అన్న మనిషి, నిన్నటి దాకా ఆ నోటికి ఎదురులేని మనిషి, తన నోటిని తనే అనుమానంగా నొక్కి పట్టుకుని కూర్చున్నాడు.

“వాడు చెప్పింది నిజమేనేమోనే” అన్నాడు ఆయన. “పెట్టె అబద్ధం చెప్తుందా?”

యంత్రాల మీద అంతటి విశ్వాసం మేస్త్రి నోట వినబడటం ప్రపంచ చరిత్రలో అదే ప్రథమం. పెంకికి ఒళ్ళు మండింది. కాల్క్యులేటరు బల్ల మీదికి రాకూడదని శాసించిన తండ్రి మీద, దాన్ని బల్లమీదికి తెచ్చి ఆ తండ్రినే కిందికి దించిన అన్న మీద, గోడకు ఆనుకుని ఊరుకున్న అమ్మ మీద, అందరి మీదా సమానంగా మండింది. ఆమె బల్ల ఎక్కి కూర్చుంది. రంపపు పొట్టులో, చెప్పుల కాళ్ళు ఊపుకుంటూ.

“దిగవే. బల్ల మీద కూర్చుంటారా?” అంది అమ్మ.

“కూర్చుంటారు. బల్ల నాది కాదన్నప్పుడు మర్యాదలు మాత్రం నావెందుకవుతాయి? అన్నయ్యా, ఆ కాల్క్యులేటరు తీసుకో. ఏం కొట్టావో మళ్ళీ కొట్టి చూపించు. నా కళ్ళెదురుగా.”

“మూడుసార్లు కొట్టానని చెప్పాను కదా.”

“నాలుగోసారి కొడితే వేలు అరగదు.”

అన్నయ్య నిట్టూర్చి కొట్టాడు. ఒకటి. ఒకటి. చుక్క. మూడు. ఇంటూ. ఒకటి. రెండు. ఈక్వల్‌టూ. తెరమీద 135.6 నిష్పక్షపాతంగా వెలిసింది.

పెంకి ముందు నవ్వలేదు. చుక్క దగ్గరే ఆమె కాళ్ళు ఊపడం ఆగిపోయింది. తరవాత నవ్వు వచ్చింది. బల్ల మీద పొట్టు ఎగిరేంత నవ్వు.

“ఎందుకే ఆ వెకిలి నవ్వు?” అన్నాడు అన్నయ్య.

“ఎనిమిదేదిరా?”

“రా ఏమిటి? ఏ ఎనిమిది?”

“ఎనిమిదో వంతులో ఎనిమిది! ఎక్కడ పారేశావు?”

అన్నయ్యకు అర్థం కాలేదు. అమ్మకు అర్థమైంది. ఆవిడ కొంగు వేలి నుంచి జారిపోయింది.

“ఒరే నాయనా, పదకొండు మూడంటే పదకొండంగుళాల మూడు నూళ్ళురా! ఎనిమిదింట మూడు! పాయింటు ఎక్కడ్నుంచి పట్టుకొచ్చావురా? ఈ కొట్లో తిరిగే పిల్లికి కూడా తెలుసు కదరా!”

“నాకెవరు చెప్పారమ్మా?” అన్నాడు అన్నయ్య. పాపం, వాడన్నది అక్షరాలా నిజం. వాడికి ఎవరూ చెప్పలేదు. తలుపుకు అటువైపు మాటలు వాడి చెవిన పడకుండా పెంచడానికి ఆ ఇల్లు ఎంతో శ్రమపడింది.

“నువ్వు ఆగమ్మా. నేను చూపిస్తాను” అంది పెంకి. “నాన్నా, ఇటు రా. భూతద్దం తెచ్చుకుని రా.”

“నాకెందుకే ఆ పెట్టె?”

“పరువు తీసింది పెట్టే కదా. తిరిగి ఇచ్చేదీ అదే. రా.”

నాన్న లేచాడు. తలుపు దాటాడు. దాటగానే నడుముకు గుడ్డ లేదని గుర్తొచ్చినట్టు ఒక చేత్తో తడుముకున్నాడు. పెంకి బల్ల దిగి, కాల్క్యులేటరును ఆయన కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. అంతకాలం మేకుల అడుగున పడి ఉన్నా నిగనిగ పోని ఆ మీట మీద వేలు ఉంచింది.

“చూడు. ముందు పదకొండు. ఇప్పుడు ఈ బటన్. తర్వాత మూడు. మళ్ళీ ఇదే బటన్. తర్వాత ఎనిమిది. ఈ బటన్ ఒకసారి నొక్కితే అంగుళాలు అయిపోయాయని, రెండోసారి నొక్కితే కింద వంతులు చెప్తున్నామని. నీ భాషే నాన్నా ఇది. నువ్వు నోటితో అనేది ఇది వేలితో అడుగుతుంది. అంతే తేడా.”

మేస్త్రి భూతద్దం పెట్టి చూశాడు. పదకొండుకూ మూడుకూ మధ్య, మూడుకూ ఎనిమిదికీ మధ్య, తెరమీద ఒక్కొక్క చిన్న గుర్తు నిలబడి ఉంది: నిలువుగా ఒక గీత, దాని అడుగున అడ్డంగా ఇంకో గీత. ఆయన చాలాసేపు చూశాడు.

“దీంట్లో మూలమట్టం ఎవరు పెట్టారే?” అన్నాడు.

గోడకు వేలాడుతున్న తన మూలమట్టం వైపు, మళ్ళీ తెరలోని దాని పసిబిడ్డల్లాంటి ఆ గుర్తుల వైపు, మార్చి మార్చి చూశాడు. లంబకోణం దాచుకున్న వస్తువు మరీ అంత చెడ్డది కాకపోవచ్చునన్న అనుమానం ఆయనలో తలెత్తడం పెంకికి కనబడింది.

“ఇప్పుడు ఇంటూ పన్నెండు. నువ్వే కొట్టు, ఇదుగో.”

రంపం పట్టిన వేలు ఆ చిన్న మీటమీద మొద్దుగా దిగింది. తెరమీద నూట ముప్ఫై ఆరు, మూలమట్టం, ఒకటి, మూలమట్టం, రెండు. నూట ముప్ఫై ఆరున్నర.

“లెక్క తప్పలేదా?” అన్నాడు నాన్న.

“తప్పలేదు.”

“గోడ కూడా?”

“గోడ కూడా తప్పలేదు. తప్పిందల్లా చుక్క.” పెంకి అన్న వైపు తిరిగింది. “విన్నావా? మొత్తం లెక్కలో తప్పు నీదే. ఇందాక ఏమన్నావు? ఈ వయసులో ఇలాగే మొదలవుతుందనా? నీ వయసులోనే మొదలయిందన్నయ్యా, చూపించుకో. ఫోను చేసి ఆ సెల్‌ఫోన్లాయన్ని రావద్దని చెప్పు. బల్ల కదలదు. కొట్టు మూయం. నాన్న రంపం వదలడు.”

“వదుల్తాను” అన్నాడు నాన్న.

మేస్త్రి వంగి, వరసగా పేర్చి ఉన్న ఫ్రేముల్లోంచి ఒకదాన్ని బయటికి లాగాడు. చూడలేదు. బొటనవేలితో లోపలి అంచు తడిమాడు.

“ఇది నాది.” పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. తడిమాడు. “ఇది నాది కాదు.” మరొకటి. “ఇదీ కాదు. లోపలి అంచు మీద గరుకు కాగితం నేను ఒక్కసారే లాగుతాను. నువ్వు రెండుసార్లు లాగుతావు. చిన్నప్పట్నుంచీ అంతే, ఎన్నిసార్లు తిట్టానో. పొద్దున్నే తలుపేసుకుని రంపం అంత మెత్తగా ఎందుకు లాగావే? కళ్ళు పోతే చెవులూ వేళ్ళూ కూడా పోతాయనుకున్నావా?”

పెంకికి నోట మాట రాలేదు. ఆ ఇంట్లో ఆమెకు మాట దొరకని సందర్భాలు అరుదు గనక అమ్మ కంగారుగా ఆమె మొహంలోకి చూసింది.

“టేపు మీద గీతలు కనబడటం మానేశాయి” అన్నాడు నాన్న. “మూడో గీతో రెండో గీతో తెలీదు. ఒకోసారి వేలి గోటితో లెక్కపెట్టుకుంటాను. ఒకోసారి దేవుడి మీద భారం వేసి కోసేస్తాను. నువ్వు వెనకాలే మారుస్తున్నావని తెలుసు. తెలిసీ చెప్పలేదు. నువ్వు చెప్పలేదు కదా, నేనెందుకు చెప్పాలి అని.” నవ్వబోయాడు. “ఇవాళ వాడు లెక్క కూడా తప్పిందనేసరికి… ఇంక మిగిలిందేముంది అనిపించింది.”

అన్నయ్య ఫ్రేముల పక్కన చతికిలబడ్డాడు. వాడి ఆఫీసు ప్యాంటుకు పొట్టు అంటుకుంది. తండ్రి అలవాటుగా దులపబోయి, ఆగిపోయాడు.

“కొట్టు అద్దెకిస్తే ఏదో వస్తుందని కాదు నాన్నా” అన్నాడు వాడు. “పోయినసారి వచ్చినప్పుడు మీ బొటనవేలికి కట్టు చూశాను. ఎవరూ చెప్పలేదు నాకు. గుండీ కుడుతుంటే గుచ్చుకుందన్నారు. గుండీలు మీరెప్పుడు కుట్టారు? ఈ ఇంట్లో నాకెవరూ ఏదీ చెప్పరు. అందుకే కొట్టే మూసేస్తే…” ఆగాడు. “నాకు ఇంకేం తోచలేదు.”

అమ్మ కళ్ళు తుడుచుకుంది. “చెప్పొద్దన్నది మీ నాన్నే. నువ్వక్కడ బెంగపెట్టుకుంటావని. ఈ ఇంట్లో అంకెలు మాట్లాడుకున్నంత మనుషులు మాట్లాడుకోరు కదరా! అంకెల్లోనూ సగం మింగేస్తారు.”

పెంకి గొంతు అప్పటికి పెగిలింది. ఏడుపు వచ్చినప్పుడు ఆమె గొంతు మెత్తబడదు, ఇంకా గరుకవుతుంది.

“అయితే ఏమైంది? కళ్ళు కనబడకపోతే కొలవకు. ఎవరు కొలవమన్నారు? నువ్వు లెక్క చెప్పు, నేను కోస్తాను. నోరు నీది, చెయ్యి నాది. కాని దొంగచాటుగా కోయను. ఇవాళ్టితో అయిపోయింది. తలుపు తీసి, రంపం చప్పుడు వీధి చివరిదాకా వినబడేలా కోస్తాను. ‘సాయం’ చేస్తోందని ఎవరితోనైనా అన్నావంటే ఆ మాట అన్నచోటే నిన్ను వదిలేసి వస్తాను.”

“మేస్త్రి మారాడంటే జనం వస్తారంటావా?” అన్నాడు నాన్న, నీరసంగా.

“బోర్డు మీద నీ పేరుందా? నా పేరుందా? కట్టబడును అని ఉంది. ఎవరు కట్టినా కట్టబడును.”

అన్నయ్యకే ముందు నవ్వు వచ్చింది. తరవాత అమ్మకు. నాన్న నవ్వలేదు. వెళ్ళి రంపం మీది గుడ్డ తీశాడు. మడతలు ఒక్కొక్కటే విప్పాడు. కూతురి వెనక్కి వెళ్ళి, ఆమె నడుముకు చుట్టి, తన చేతులతో ముడి వేశాడు. ముడి బిగువుగా పడింది. దానికి కళ్ళతో పనిలేదు. పెంకి ముందుకు చూస్తూ నిలబడింది, ఎవరూ తన మొహం చూడకూడదని. పటానికి కట్టవలసిన గాజు ఎదురుగా నిలబెట్టి ఉందని, అందులో అందరికీ అంతా కనబడుతోందని ఆమెకు తట్టలేదు.

“ఆ పెట్టెని డబ్బాలో పడెయ్యకు” అన్నాడు నాన్న వెనక నుంచి. “మేకుల మధ్య గీతలు పడతాయి. బల్ల మీదే ఉంచు.”

సాయంత్రం సెల్‌ఫోన్ల కొట్టాయన కొట్టు చూడ్డానికి వచ్చాడు. గోడలు కొలవబోతే పెంకి రంపం ఆపకుండా, “కొట్టు ఇవ్వట్లేదండీ. ఫ్రేములైతే కట్టబడును” అంది. ఉత్తచేతులతో పంపడం అమ్మకు ఇష్టంలేక, ఆయన లైసెన్సు కాగితానికి ఒక ఫ్రేము అంటగట్టి పంపింది.

పటాలు తగిలించే రోజున అన్నయ్య సెలవు పెట్టి మరీ వచ్చాడు. పౌరసంఘం హాల్లో కుర్చీలు వేసి ఉన్నాయి. మేస్త్రి కొడుకు చేతికి టేపు కొస అందించాడు. ఆ చేతికి ఆయన టేపు ఇవ్వడం అదే మొదలు.

“స్తంభానికి ఆనించి గట్టిగా పట్టుకో బాబూ. జారనివ్వకు.”

“పట్టుకున్నాను నాన్నా. చెప్పు” అన్నాడు అన్నయ్య. ‘మీరు’ ఎక్కడో జారిపోయిన సంగతి వాడు గమనించలేదు. నాన్న గమనించాడు.

అవతలి కొస దగ్గర పెంకి వంగి చదివింది. “నూట ముప్ఫై ఆరు నాలుగు!”

“నాలుగంటే…” అన్నాడు అన్నయ్య, లోపల్లోపల కష్టపడుతూ. “ఎనిమిదింట నాలుగు. అర. ఆరున్నర!”

“పాసయ్యావు పో” అంది పెంకి.

ఒక్కొక్క మాజీ అధ్యక్షుడూ గోడెక్కాడు. పదకొండుగురు ఎక్కాక మిగిలిన చోటు చూసి హాల్లో ఉన్నవారందరూ ఊపిరి బిగబట్టారు. పెంకి పన్నెండో ఫ్రేమును రెండు చేతులా ఎత్తి, పైఅంచు ఆనించి, అరచేత్తో మెల్లగా నెట్టింది. చెక్క చెక్కను రాసుకుంటూ లోపలికి వెళ్ళి, పెట్టె మూత పడినట్టు, టప్పుమని కూర్చుంది. ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా ఒకటే నిరంతరాయమైన మహనీయత. మేస్త్రి గోడ దగ్గరికి వెళ్ళి, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య బొటనవేలి గోరు పెట్టి చూశాడు. గోరు ఎక్కడా దూరలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని, “ఎవరు కట్టారని అడగరేం?” అన్నాడు కార్యదర్శితో.

“మీరే కదా మేస్త్రీ!”

“నేను కాదు. మేస్త్రి అదుగో. లెక్క చెప్పింది నేను, పట్టుకుంది మా వాడు. కట్టింది మాత్రం మా మేస్త్రి.”

ఒక ఇంటి పరువు, ఒక బల్ల ప్రతిష్ఠ, ఒక మీట శాపవిమోచనం ఆ గోడమీద శాశ్వతంగా స్థిరపడ్డాయి. వెంట్రుక దూరడానికైనా ఇక అక్కడ చోటు లేదు.

మర్నాడు పొద్దున్న కొట్టు తెరిచేసరికి మెట్లమీద కార్యదర్శి కూర్చుని ఉన్నాడు. రాత్రి సభలో పటాల వరసను చూసి మనసు కరిగిన అధ్యక్షులవారు అక్కడికక్కడే రాజీనామా చేశారట. కార్యదర్శి చంకలో పదమూడో ఫోటో ఉంది.